శేషాచలం వంకలు, స్వర్ణముఖి, నీవా: నీటిలో కుళ్లే ఆకుల మీది శిలీంధ్రాలను భూవినియోగం ఎలా మారుస్తుంది, దాన్ని ఎలా కొలవాలి?

పోస్టు 1 | వంకగట్టు

అందరికీ నమస్కారం. రాబోయే ఈశాన్య రుతుపవనాల కాలానికి ఒక పని తలపెట్టాం. నీళ్లలో పడి కుళ్లే ఆకుల మీద పెరిగే శిలీంధ్రాలు అడవి వంకలో ఎలా ఉన్నాయి, పొలాల మధ్య వంకలో ఎలా ఉన్నాయి, ఊరి మురుగు కలిసిన ఏటిలో ఎలా ఉన్నాయి అని పోల్చి చూడాలి. అనుకున్న చోట్లు ఇవి: తలకోన వైపు అడవిలో మూడు వంకలు, చంద్రగిరి–పాకాల మధ్య మామిడి, చెరకు, టమోటా పొలాల్లోంచి వచ్చే మూడు వంకలు, తిరుపతి దిగువన స్వర్ణముఖిలో మూడు చోట్లు.

పద్ధతి: ఒక్కో నైలాన్ వల సంచిలో 5 గ్రాముల ఎండుటాకు వేసి 30 రోజులు నీటిలో ఉంచడం. తీశాక తగ్గిన బరువు, కనిపించిన జాతుల సంఖ్య చూడడం. జాతులు తగ్గితే అక్కడ ఒత్తిడి ఉన్నట్టు.

ఏ ఆకు వాడాలి? వల కన్ను ఎంత ఉండాలి? మైక్రోస్కోపు చాలా, డీఎన్‌ఏ కూడా కావాలా? కనిపించిన తేడా భూవినియోగం వల్లే వచ్చిందని చెప్పాలంటే ఇంకేం కొలవాలి?

పోస్టు 2 | బూజులబడి

వంకగట్టు గారూ, "జాతులు తగ్గితే ఒత్తిడి" అన్న మాట దగ్గరే ముందు ఆగాలి. ఆకుల మీద ప్రధానంగా పనిచేసేవి జల హైఫోమైసీట్లు, అంటే నీటిలో పెరిగే దారాల్లాంటి సూక్ష్మ శిలీంధ్రాలు. 1942లో ఇంగోల్డ్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త ఇంగ్లండులో ఒక వాగులో కుళ్లుతున్న ఆల్డర్ ఆకుల మీద వీటిని వర్ణించాడు. ఇప్పటికి 300కి పైగా జాతులు తెలుసు. నాలుగు చేతుల నక్షత్రంలానో, వంపు తిరిగిన సన్నని దారంలానో ఉండే కొనీడియాలను (విత్తనాల్లాంటి బీజకణాలను) నీటిలోకి వదులుతాయి. పారే నీరు, దండిగా ఆక్సిజన్, ఆకు సరఫరా ఉన్నచోట బాగా పెరుగుతాయి.

ఒత్తిడి వచ్చినప్పుడు వీటిలో అన్నీ ఒకేసారి దెబ్బతినవు. అన్నిటికంటే ముందు పడిపోయేది కొనీడియాల ఉత్పత్తి. తర్వాత జాతుల కూర్పు మారుతుంది. శిలీంధ్రాల మొత్తం బరువు ఇంకా ఆలస్యంగా తగ్గుతుంది. ఆకు కుళ్లే వేగం చివరిదాకా నిలబడవచ్చు, ఎందుకంటే ఒక జాతి పోయిన చోట తట్టుకోగల ఇంకో జాతి ఆ పని చేస్తుంది. జర్మనీలో మాన్స్‌ఫెల్డ్ రాగి గనుల ప్రాంతంలో లోహాలు బాగా కలిసిన నీటిలో కూడా హెలిస్కస్ లుగ్డునెన్సిస్, టెట్రాక్లాడియం మార్కాలియానమ్ లాంటివి నిలబడ్డాయి. కాబట్టి సంఖ్య ఒక్కటే చూడకండి. ఏవి ఉన్నాయి, ఏవి లేవు, ఉన్నవి కొనీడియాలు వదులుతున్నాయా లేదా అన్నది చూడండి.

కుళ్లే వేగం కూడా ఒంటరిగా మోసం చేస్తుంది. ఐరోపాలో 100 వాగుల మీద చేసిన పని 2012లో వచ్చింది. నైట్రోజన్, ఫాస్ఫరస్ బాగా తక్కువ ఉన్నచోట ఆకు నెమ్మదిగా కుళ్లింది, మధ్యస్థంగా ఉన్నచోట వేగంగా కుళ్లింది, మరీ ఎక్కువైన చోట మళ్లీ నెమ్మదించింది. అంటే మీ అడవి వంకకూ మురుగు చోటుకూ ఒకే వేగం రావచ్చు. కారణాలు మాత్రం పూర్తిగా ఎదురుబొదురు. అందుకే వేగంతో పాటు కొనీడియాలు, పోషకాలు, ఆక్సిజన్ కలిపి చూడకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఆకు సంగతి. కానుగ మెత్తనిది, నైట్రోజన్ ఎక్కువ. 26 డిగ్రీల నీటిలో 30 రోజులు ఉంచితే ఈనెలే మిగిలే ప్రమాదం ఉంది, శిలీంధ్రాలు మధ్యలో ఎప్పుడో ఉచ్ఛస్థితికి వెళ్లి దిగిపోయి ఉంటాయి. కానుగ వాడితే 3, 7, 14, 21 రోజులకు తీయండి. ఏరుమద్ది మందంగా, టానిన్లతో (వగరు పదార్థాలతో) ఉంటుంది, మన వంకల గట్ల మీద సహజంగా పెరిగే చెట్టు కూడా. దానికి 7, 14, 28, 42 రోజులు సరిపోతాయి. నా ఓటు ఏరుమద్దికే. ఆకులన్నీ ఒకే తోపులో, ఒకే వారంలో, రాలడానికి సిద్ధంగా ఉన్నవి కోసి నీడన ఆరబెట్టండి. జామాయిల్‌ను ప్రామాణికంగా పెట్టొద్దు. దాని నూనె, పైపొర మైనం శిలీంధ్రం లోపలికి పోవడాన్ని ఆలస్యం చేస్తాయి. గట్టు మీద జామాయిల్ తోపులున్న వంకలు దొరికితే దాన్ని అదనపు పోలికగా పెట్టడం మంచిదే.

సంచికి 3 గ్రాములు చాలు. 15×20 సెంటీమీటర్ల సంచిలో ఆకు కుక్కినట్టు ఉండకూడదు, కుక్కితే నడిమి ఆకులకు ఆక్సిజన్ అందదు. ఎండుటాకు సంచిలో వేసేటప్పుడు విరుగుతుంది గనక తూచిన తర్వాత స్ప్రేయర్‌తో డిస్టిల్డ్ వాటర్ చల్లి మెత్తబరచి వేయండి. అయిదు సంచులు అదనంగా పట్టుకెళ్లి నీటిలో ముంచి వెంటనే తెచ్చేయండి. మోతలో రాలిన బరువు ఎంతో వాటితో తెలుస్తుంది. మొదటి 24–48 గంటల్లో కరిగిపోయే చక్కెరలు, టానిన్ల వాటా వేరు. ఆకును బట్టి బరువులో నాలుగో వంతు దాకా అలా పోవచ్చు, దాన్ని శిలీంధ్రాల ఖాతాలో రాయకూడదు.

వల కన్ను 0.5 మి.మీ. తప్పనిసరి, అది పురుగుల్ని బయటే ఉంచుతుంది. దానికి జతగా 5 లేదా 10 మి.మీ. కన్ను సంచి పెడితే పురుగులు, పీతలు, నత్తలు ఎంత తిన్నాయో తేడాలో తెలుస్తుంది. సన్నకన్ను సంచికి ఒక గండం ఉంది. పొలాల వంకలో ఎర్రమట్టి ఒండ్రు కన్నులను మూసేస్తుంది, లోపల ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు మీరు కొలిచేది వంకను కాదు, మూసుకుపోయిన సంచిని. అడుగుకు 5–10 సెం.మీ. పైన వేలాడేలా కట్టండి.

కొనీడియాలకు: సంచి తీశాక వంక నీటితోనే మెల్లగా కడిగి, నడిమి ఈనె తప్పించి 12 మి.మీ. బిళ్లలు పది కోయండి. 150 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులో 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టిన వంక నీరు 40 మి.లీ. పోసి బిళ్లలు వేసి, వంక ఉష్ణోగ్రత దగ్గరే 48 గంటలు 100 ఆర్‌పీఎంలో షేకర్ మీద పెట్టండి. షేకర్ లేకపోతే అక్వేరియం పంపుతో గాలి బుడగలు పంపినా సరే. మంగళూరు విశ్వవిద్యాలయంలో పశ్చిమ కనుమల వాగుల మీద చేసిన పనిలో బుడగల పద్ధతి బాగా వాడారు. డిస్టిల్డ్ వాటర్ పోయొద్దు, లవణాలు లేని నీటిలో లెక్క మారిపోతుంది. తర్వాత 2 మి.లీ. ఫార్మలిన్, 0.5 శాతం ట్రైటన్ ఎక్స్–100 ద్రావణం 150 మైక్రోలీటర్లు. ట్రైటన్ సబ్బులాంటిది, అది లేకపోతే కొనీడియాలు గాజుకు అతుక్కుని లెక్కలోకి రావు. బాగా తిప్పి 5 మైక్రాన్ల ఫిల్టరు గుండా వడపోసి, 60 శాతం లాక్టిక్ ఆమ్లంలో 0.1 శాతం ట్రిపాన్ బ్లూ రంగు వేసి 200 రెట్లలో చూడండి.

పోస్టు 3 | రాతిపొర

మీ చోట్ల ఎంపికలోనే పెద్ద చిక్కు ఉంది. తలకోన, తిరుమల కొండలు క్వార్ట్‌జైట్. దాని మీద పారే నీరు చాలా మెత్తన, లవణాలు తక్కువ, విద్యుద్వాహకత తక్కువ. చంద్రగిరి, పాకాల మైదానం గ్రానైట్, నైస్ రాళ్లది. అక్కడి నీటిలో బైకార్బనేట్, కాల్షియం సహజంగానే ఎక్కువ. తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్ కలిసే ఎపార్కియన్ అసంగతి రేఖ (రెండు వేర్వేరు యుగాల రాళ్ల హద్దు) కళ్లకు కనబడుతుంది. సుమారుగా ఆ రేఖకు పైన అడవి, కింద వ్యవసాయం. అంటే మీ పోలికలో "అడవి–పొలం" అని రాసిన చోటల్లా "క్వార్ట్‌జైట్–గ్రానైట్" అని కూడా రాసుకోవచ్చు. పీహెచ్, కఠినత్వం శిలీంధ్ర జాతులను బాగా మారుస్తాయి, రైతు ఎరువు సంచి విప్పకపోయినా సరే.

దీన్ని తప్పించాలంటే ఒకే రాతి మీద రెండు భూవినియోగాలు దొరకాలి. గ్రానైట్ మీద అడవికి పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది, కైగల్ వాగు లాంటివి చూడండి. క్వార్ట్‌జైట్ మీద పొలాలకు నగరి కొండల పాదాల దగ్గరి వంకలు చూడండి, కానీ నీరు పూర్తిగా మైదానంలోకి దిగకముందే సంచులు కట్టాలి. ప్రతి చోటా పీహెచ్, విద్యుద్వాహకత, క్షారత ముందు ఒకసారి కొలిచి, అంకెలు దగ్గరగా ఉన్న జతలనే ఎంచుకోండి.

పోస్టు 4 | చెరువుకట్ట

రాతిపొర గారి మాటకు తోడు ఇంకోటి, నా దృష్టిలో అంతకంటే పెద్దది. తలకోన కింద వంకలో వానలు ఆగాక కూడా నీరు చాలాకాలం నడుస్తుంది. పాకాల వైపు వంకలు వాన పడ్డాక కొన్నాళ్లు పారి ఆగిపోతాయి. పైగా చెరువులు నిండేదాకా కింద వంకకు నీరే రాదు. 30 రోజుల్లో మీ పొలం సంచి సగం రోజులు ఎండలో ఉంటుంది. ఎండిన ఆకు మీద జల హైఫోమైసీట్లు కొనీడియాలు వదలడం ఆపేస్తాయి, ఆల్టర్నేరియా, క్లాడోస్పోరియం, ఫ్యుసేరియం లాంటి నేల శిలీంధ్రాలు అందుకుంటాయి. ఆ మార్పును ఎరువులకో మందులకో అంటగడితే అన్యాయం. మన జిల్లాల్లో నీరు ఎన్నాళ్లు ఉంది అన్నది మిగతా కారణాలన్నిటి నెత్తిన కూర్చుంటుంది. అది సరిచూడకుండా భూవినియోగం గురించి మాట్లాడలేం.

నీరు ఎన్నాళ్లు ఉందో చవకగా తెలుసుకునే మార్గం ఉంది. రెండు ఉష్ణోగ్రత లాగర్లు (అంకెలను వాటంతటవే నమోదు చేసే చిన్న పరికరాలు): ఒకటి సంచి పక్కన నీటిలో, రెండోది గట్టు మీద నీడలో. నీరున్నంత కాలం నీటిలోదాని పగలు–రాత్రి తేడా తక్కువ. వంక ఎండిన రోజు నుంచి రెండు గీతలూ కలిసిపోతాయి. ఎన్ని రోజులు తడి, ఎన్ని రోజులు పొడి అన్నది ప్రతి సంచికీ రాసుకోండి. లాగర్‌ను తెల్ల పీవీసీ పైపు ముక్కలో పెట్టి, పైపుకు రంధ్రాలు చేయండి, లేదంటే ఎండ నేరుగా తగిలి తప్పు అంకె ఇస్తుంది.

ఇంకొక మాట. వంక పైన ఎండినా ఇసుక కింద నీరు ఉంటుంది, ఊళ్లలో చెలమ తవ్వి తోడుకునేది ఆ నీళ్లనే. ఇసుకలో పూడిన ఆకుల మీద ఈ శిలీంధ్రాలు కరువు రోజులు గడిపి, మళ్లీ నీరు రాగానే పైకి వస్తాయి. చెలమ తవ్వి 30–50 సెం.మీ. లోతున దొరికిన ఆకు ముక్కలు కొన్ని విడిగా సేకరించండి. పైన ఏమీ దొరకని వంకలో కింద దొరికితే ఆ వంక కోలుకునే వంక. స్వర్ణముఖిలో ఇసుక తోడేసిన చోట ఆ ఆశ్రయమే పోతుంది. పక్కపక్కనే ఇసుక ఉన్న చోటు, తోడిన చోటు పోల్చగలిగితే ఈ పని మొత్తానికి అదే ఎక్కువ విలువైనది అవుతుంది.

వరద సంగతి కూడా చూసుకోండి. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో ఇక్కడివాళ్లు ఎవరూ మర్చిపోలేదు. అంత కాకపోయినా ఒక మోస్తరు ప్రవాహం చాలు సంచులు కొట్టుకుపోవడానికి. మిగిలినవాటిలో కూడా ఇసుక రాపిడికి ఆకు చిరుగుతుంది, అది కుళ్లడం కాదు. వరద తగిలిన సంచులకు విడిగా గుర్తు పెట్టండి.

పోస్టు 5 | మామిడికొమ్మ

పొలం అని ఒకే గాటన కట్టకండి అన్నా. మామిడి తోట, చెరకు, టమోటా మూడింటి నుంచి వంకలోకి దిగేది వేరు వేరు. శిలీంధ్రాల మీద పని కాబట్టి శిలీంధ్రనాశినుల లెక్క ముఖ్యం. మామిడికి పూత సమయంలో, అంటే డిసెంబరు–ఫిబ్రవరిలో, బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, లేదా హెక్సాకొనజోల్ లీటరుకు 2 మి.లీ. కొడతారు. టమోటాకు మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల దాకా, అదీ వానల్లో ఎక్కువసార్లు. చెరకులో ప్రధానంగా యూరియా, కలుపు మందులు.

దీన్నిబట్టి మీరు అక్టోబరు–డిసెంబరు మాత్రమే చూస్తే టమోటా ప్రభావం దొరుకుతుంది, మామిడిది దొరకదు. జనవరి చివర, ఇంకా నీరున్న వంకల్లో రెండో విడత పెట్టండి. అప్పుడు ప్రవాహం సన్నగా ఉంటుంది, కలిసిన మందు పలచబడదు.

నీటి నమూనా ఒకసారి తీసి "మందు లేదు" అని రాయడం కూడా సరికాదు. మందు వంకలోకి వచ్చేది పిచికారీ తర్వాత పడిన మొదటి వానకు, కొద్ది గంటలపాటు. స్ప్రేయర్ ట్యాంకులు వంకలో కడిగిన రోజు కూడా వస్తుంది. రాగి, జింకు అడుగు ఒండ్రులో పేరుకుంటాయి గనక ఒండ్రులో కొలవండి. మాంకోజెబ్‌లో మాంగనీసు, జింకు ఉంటాయి. గట్టు రైతులను అడిగి ఏ రోజు ఏ మందు కొట్టారో రాసుకుంటే ల్యాబ్ రిపోర్టు కంటే ఎక్కువ తెలుస్తుంది. అడిగే తీరులోనే ఉంది అంతా. "మీ మందుల వల్ల వంక పాడైంది" అన్న ధోరణిలో వెళితే ఎవరూ చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా.

పోస్టు 6 | బూజులబడి

మామిడికొమ్మ గారు చెప్పినదానికి ఒక అనుబంధం. శిలీంధ్రాల బరువు అంచనాకు ఎర్గోస్టెరాల్ (శిలీంధ్ర కణాల పొరలో ఉండే కొవ్వులాంటి పదార్థం) కొలుస్తారు. గ్రాము శిలీంధ్రానికి సుమారు 5.5 మిల్లీగ్రాముల ఎర్గోస్టెరాల్ అని మారకం వేస్తారు. కానీ హెక్సాకొనజోల్ లాంటి అజోల్ మందులు పనిచేసేదే ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకుని. అలాంటి మందు ఉన్న వంకలో ఎర్గోస్టెరాల్ తగ్గితే శిలీంధ్రం తగ్గిందా, శిలీంధ్రంలో ఎర్గోస్టెరాల్ తగ్గిందా అన్నది ఆ అంకె చెప్పదు. మామిడి వంకల్లో ఆ ఒక్క కొలత మీద ఆధారపడొద్దు.

పోస్టు 7 | నీవాఒడ్డు

చిత్తూరు వైపు, నీవా ఏరు పారే ప్రాంతంలో, మామిడి గుజ్జు సీజన్‌లో, జూన్–జూలైలో, కొన్ని కాలువల్లో రాళ్లకూ ఆకులకూ తెల్లగా, బూడిదరంగుగా, తడిసిన దూదిలాంటి బూజు పట్టేస్తుంది. పుల్లటి వాసన. ఇది కూడా మీరు చెబుతున్న శిలీంధ్రమేనా? అయితే అక్కడ శిలీంధ్రాలు పెరిగినట్టు లెక్క కదా?

పోస్టు 8 | బూజులబడి

కాదండీ. అది ఎక్కువ భాగం స్ఫెరోటైలస్ నటన్స్ అనే బ్యాక్టీరియా. చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు కుప్పగా వచ్చి, ఆక్సిజన్ తగ్గుతున్న పారే నీటిలో పెరుగుతుంది. కొన్నిసార్లు లెప్టోమైటస్ లాక్టియస్ ఉంటుంది, అదీ నిజమైన శిలీంధ్రం కాదు, ఊమైసీట్ వర్గం (శిలీంధ్రంలా కనబడే వేరే జీవులు). ఫ్యుసేరియం, ఈస్టులు కలిసి ఉండొచ్చు.

చిన్న ముక్క స్లైడు మీద పెట్టి 400 రెట్లలో చూడండి. పారదర్శక గొట్టంలో వరుసగా పేర్చిన కడ్డీ కణాలు, దారం వెడల్పు 1–2 మైక్రాన్లు అయితే స్ఫెరోటైలస్. దారం ఇంకా లావుగా ఉండి, అక్కడక్కడా నొక్కినట్టు సన్నబడి, ఆ నొక్కు దగ్గర మెరిసే బిళ్ల కనబడితే లెప్టోమైటస్. 3–10 మైక్రాన్ల దారంలో అడ్డగోడలు స్పష్టంగా ఉంటే శిలీంధ్రం.

ఆ పొర ఆకును కప్పేస్తే కింద ఆక్సిజన్ దాదాపు ఉండదు, జల హైఫోమైసీట్లు కనబడవు. అలాంటి చోట సంచి కట్టే ముందు బీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థం కుళ్లడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్ కొలత) చేయించండి, మన ప్రమాణంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులది. ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థజలానికి పరిమితి లీటరుకు 30 మిల్లీగ్రాములు. కరిగిన ఆక్సిజన్ కూడా సూర్యోదయానికి ముందే కొలవండి. మధ్యాహ్నం పాచి ఇచ్చే ఆక్సిజన్‌తో అంకె చక్కగా కనబడుతుంది, రాత్రి ఆ నీరు ఊపిరాడక ఉన్న సంగతి దాగిపోతుంది.

పోస్టు 9 | ఐటీఎస్‌దారి

డీఎన్‌ఏ వద్దనకండి, బూజులబడి గారూ; మీరు మైక్రోస్కోపు దారే చెప్పారు. మైక్రోస్కోపులో కొనీడియా వదిలిన జాతే కనబడుతుంది. ఒత్తిడిలో మొదట ఆగేదే కొనీడియా అని మీరే అన్నారు. అంటే ఒత్తిడి ఉన్న వంకలో మైక్రోస్కోపు జాతులను తక్కువ చూపించడం ఖాయం. ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని 2012లో శిలీంధ్ర జాతులను గుర్తించే అధికారిక బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు, యునైట్ అనే శిలీంధ్ర డీఎన్‌ఏ డేటాబేస్‌తో పోల్చుకోవచ్చు.

ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడంలో అసలు అడ్డు టానిన్లు. ఏరుమద్దిలో అవి దండిగా ఉంటాయి, పీసీఆర్‌ను (డీఎన్‌ఏను లక్షల ప్రతులు చేసే చర్యను) నిలువునా ఆపేస్తాయి. డీఎన్‌ఏ తీసే సీటీఏబీ బఫర్‌లో టానిన్లను పట్టేసే పీవీపీ కలపండి, పీసీఆర్‌లో ఆ అడ్డును తగ్గించే బీఎస్‌ఏ ప్రోటీన్ వేయండి, తీసిన డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి కూడా ఒకసారి నడపండి. పలచన చేసినప్పుడే బ్యాండు (డీఎన్‌ఏ గీత) వస్తే నిరోధకాలు ఉన్నట్టే. బిళ్లలు ఫార్మలిన్‌లో అసలు పెట్టొద్దు. సిలికా జెల్‌లో ఎండబెట్టడమో, మంచులో తెచ్చి మైనస్ 20లో పెట్టడమో చేయండి. ఫీల్డు నుంచి ఖాళీ నమూనా కూడా తప్పనిసరి: డిస్టిల్డ్ వాటర్ బాటిల్ వంక దగ్గర తెరిచి, అన్ని దశలూ దానికీ చేయాలి.

పోస్టు 10 | బూజులబడి

డీఎన్‌ఏ వద్దనడం లేదు, ఒంటరిగా వద్దంటున్నాను. పొలం వంకలో వాన నీటితో కొట్టుకొచ్చిన నేల బూజుల స్పోర్లు, చచ్చిన దారాలు అన్నీ డీఎన్‌ఏలో లెక్కకు వస్తాయి. అందుకే పొలం వంకలో జాతులు అడవి వంక కంటే ఎక్కువ కనబడే అవకాశం ఉంది. దాన్ని ఆరోగ్యం అనుకుంటే తలకిందుల నిర్ణయం అవుతుంది. వచ్చిన జాబితాలో జల హైఫోమైసీట్ల వాటా ఎంతో విడగొట్టి చూడాలి. చైట్రిడ్లను (తోకతో ఈదే స్పోర్లున్న శిలీంధ్రాలను) మామూలు ఐటీఎస్ ప్రైమర్లు (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) సరిగా పట్టవు, వాటి గురించి ఈ పనిలో ఏమీ తేల్చొద్దు.

మన వెచ్చటి నీటిలో మైక్రోస్కోపు కింద ముందుగా ఎదురయ్యేవి లూనులోస్పోరా కర్వులా (నెలవంక ఆకారం), ఫ్లాజెల్లోస్పోరా పెన్సిలియోయిడిస్ (సన్నని వంపు దారం), ట్రైసెలోఫోరస్ జాతులు (నిలువు కాడకు పక్క చేతులు), అంగ్విల్లోస్పోరా లాంగిసిమా (పొడవాటి వంపు దారం). మొదటి రెండింటినీ కొత్తవాళ్లు కలిపేస్తుంటారు. లూనులోస్పోరా కొనీడియా ఊడిన మచ్చ చివర్లో కాకుండా మధ్య దగ్గర ఉంటుంది, అది చూసి విడదీయండి.

జలపాతాల కింద నురుగు కూడా తీసుకోండి, కానీ పోలికకు వాడొద్దు. నాలుగు చేతుల కొనీడియాలు బుడగలకు బాగా చిక్కుతాయి, దారాల్లాంటివి జారిపోతాయి. ఊరి దిగువన డిటర్జెంటు నురుగుతో పోలికే కుదరదు. నురుగు జాతుల జాబితాకు మాత్రమే.

పోస్టు 11 | లెక్కలపలక

మూడు సంచులు ఒకే వంకలో కడితే అది ఒక వంకే, మూడు నమూనాలు కాదు. స్వర్ణముఖిలో మూడు చోట్లు కూడా ఒకే ఏరు. భూవినియోగం గురించి మాట్లాడాలంటే వేరు వేరు వంకలు రకానికి కనీసం నాలుగైనా కావాలి. మురుగు ప్రభావానికి అన్ని ఏర్లు దొరకవు కాబట్టి మురుగు కలిసే చోటుకు పైన, కింద పోల్చండి, దాన్ని మిగతా పట్టికలో కలపొద్దు.

వేగం లెక్క ఉష్ణోగ్రతతో సరిచేయాలి. ఒక ఉదాహరణ: 20 రోజుల్లో 3 గ్రాముల్లో 1.5 గ్రాములు మిగిలితే వేగానికి 0.693ని (3ని 1.5తో భాగిస్తే వచ్చే 2కు సహజ సంవర్గమానం) 20తో భాగించాలి, రోజుకు 0.0347. నీరు సగటున 26 డిగ్రీలైతే, దాన్ని 20 రోజులతో గుణిస్తే 520 డిగ్రీ–రోజులు, అంటే డిగ్రీ–రోజుకు 0.00133. నీడలో 23 డిగ్రీల అడవి వంకలో అదే బరువు తగ్గితే 460 డిగ్రీ–రోజులు, 0.00151. రోజుల లెక్కలో రెండూ సమానం, వేడి లెక్క తీస్తే అడవి వంక చురుకైనది. గట్టు చెట్లు కొట్టేసిన వంక వేడెక్కి వేగంగా కనబడడం ఇలాగే జరుగుతుంది. బరువు కూడా నేరుగా వాడొద్దు. ఎండబెట్టి తూచాక 500 డిగ్రీల కొలిమిలో 4 గంటలు కాల్చి బూడిద తీసేయండి, లేకపోతే అతుక్కున్న ఒండ్రు ఆకు బరువుగా లెక్కకు వస్తుంది.

కొనీడియాల లెక్క: ఫిల్టరు మీద నీరు పారిన వృత్తం వ్యాసం 20 మి.మీ. అయితే వైశాల్యం 314 చ.మి.మీ. మైక్రోస్కోపు వలయం (ఒకసారి కనబడే గుండ్రటి భాగం) వ్యాసం 1 మి.మీ. అయితే 0.785. కాబట్టి ఫిల్టరు మొత్తం 400 వలయాలు. 40 వలయాల్లో 62 కొనీడియాలు వస్తే ఫిల్టరు మీద 620. ఫ్లాస్కులోని 40 మి.లీ.లో 10 మి.లీ. వడపోసి ఉంటే మొత్తం 2480 (ఫార్మలిన్, ట్రైటన్ పరిమాణం కూడా కలిపి సరిచేసుకోండి). బిళ్లల పొడి బరువు 80 మిల్లీగ్రాములైతే, 48 గంటలకు గనక, మిల్లీగ్రాముకు రోజుకు 15.5. వలయం వ్యాసం మీ మైక్రోస్కోపుకు మీరే స్టేజ్ మైక్రోమీటరుతో (సన్న కొలగీతలున్న స్లైడుతో) కొలవాలి.

గెస్నర్, షోవే అనే పరిశోధకులు 2002లో ఒక కొలబద్ద ప్రతిపాదించారు. ప్రభావిత వంక వేగాన్ని మంచి వంక వేగంతో భాగించాలి. 0.75–1.33 మధ్య ఉంటే పెద్ద మార్పు లేదు. 0.5 కంటే తక్కువైనా 2 కంటే ఎక్కువైనా తీవ్రమైన మార్పు. వేగం పెరగడం కూడా హానికి గుర్తు కావచ్చని అందులోనే ఉంది.

పోస్టు 12 | వంకగట్టు

అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాం. క్వార్ట్‌జైట్, గ్రానైట్ రెండు రాళ్లు, ఒక్కోదాని మీద అడవి, పొలం, ఒక్కో రకానికి నాలుగు వంకలు: మొత్తం 16. వంకకు ఏరుమద్ది సన్నకన్ను సంచులు 12 (7, 14, 28, 42 రోజులకు మూడేసి), పెద్దకన్నువి 6 (14, 28 రోజులకు మూడేసి). మొత్తం 288 సంచులు, 3 గ్రాముల చొప్పున 864 గ్రాములు. విరిగేవి, అదనపు సంచులు కలిపి 1.5 కిలోల ఆకు ఆరబెడుతున్నాం. ప్రతి వంకలో రెండు లాగర్లు, చెలమ ఆకులు, ఒండ్రులో రాగి, జింకు. నీటిలో నైట్రేట్, అమ్మోనియా, ఫాస్ఫేట్, క్లోరైడ్. డీఎన్‌ఏ 14వ రోజు నమూనాలకు మాత్రమే. పొలం వంకలు చెరకు, టమోటావి వేరుగా గుర్తిస్తాం, మామిడి వంకలకు జనవరి విడత. స్వర్ణముఖి పైన–కింద పోలికగా వేరు.

14వ రోజే ఎందుకంటే 42 దాకా పొలం వంకలో నీరుంటుందన్న నమ్మకం లేదు. ఒక అనుమానం: వంక మధ్యలో ఎండిపోతే సంచులు అక్కడే వదిలేయాలా, నీరున్న మడుగులోకి మార్చాలా?

పోస్టు 13 | చెరువుకట్ట

మార్చొద్దు. ఎండడం కూడా ఆ వంక లక్షణమే. మడుగులోకి మారిస్తే నిలవ నీరు, తక్కువ ఆక్సిజన్ అనే కొత్త కారణం చేరుతుంది. అక్కడే ఉంచి, ఎండిన తేదీ లాగర్ నుంచి తీసుకోండి. ఎండిన ఆకును తీసిన రోజు నేరుగా ఫ్లాస్కులో వేయండి, 48 గంటల్లో కొనీడియాలు వస్తే ఆ శిలీంధ్రం ఎండను తట్టుకుందని తెలుస్తుంది. వేయకముందు బరువు కోసం కొన్ని బిళ్లలు విడిగా తీసిపెట్టుకోండి.

పోస్టు 14 | కైగల్‌దారి

అడవి చోట్లకు అనుమతి ఇప్పటినుంచే మొదలుపెట్టండి. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోది, కైగల్ వైపు కౌండిన్య అభయారణ్యం. రెండు చోట్లా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పరిశోధన అనుమతి ముందే ఉండాలి, ఆకు ముక్క తెచ్చుకోవడానికైనా సరే. దరఖాస్తులో వంక పేరు, అక్షాంశ రేఖాంశాలు, సంచుల సంఖ్య, సంచులు కట్టే ఇనుప కడ్డీలు ఎప్పుడు తీసేస్తారో రాయండి. కౌండిన్యలో ఏనుగులు సాయంత్రం నీటికి వస్తాయి, పని పొద్దున ముగించేలా చూసుకోండి, అటవీ సిబ్బంది లేకుండా దిగొద్దు. తెల్లవారకముందు ఆక్సిజన్ కొలత ఆ చోట్ల చేయొద్దు. రాత్రంతా అంకెలు నమోదు చేసే ఆక్సిజన్ లాగర్ ముందురోజు పెట్టి రండి.

సంచులను బండరాయి కిందివైపు, వేరుకో కడ్డీకో రెండు చోట్ల కట్టండి. రంగు తాడు వద్దు, కనబడితే ఎవరో ఒకరు విప్పుతారు. ఆకుపచ్చ నైలాన్ తాడు, సంచి లోపల అంకె చెక్కిన అల్యూమినియం బిళ్ల. మార్కర్‌తో రాసిన అంకెలు రెండు వారాల్లో చెరిగిపోతాయి. ఫార్మలిన్ వంక దగ్గరికి తీసుకెళ్లనే వద్దు, ల్యాబ్‌లోనే, గాలి లాగే హుడ్ కింద, గ్లౌజులతో. వాడిన ఫార్మలిన్ సింకులో పోయకుండా మూత ఉన్న డబ్బాలో ఉంచి ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వండి.